అద్దాలపిడుగు మొగుడు చావలేదన్న గంగి

బానోత్ గంగికి చదువు రాదు. అయినా గార్ల పక్కన వాళ్ల తండాలో, వారం వారం వచ్చే బొమ్మల పుస్తకాల్లో ఏది నిలబడే కథో, ఏది దండగ కథో తేల్చేది ఆమే. ఆమె తేల్చిందంటే తేలినట్టే. ఆమె పెదవి విరిచిన హీరో ఆకాశంలో ఎంత ఎత్తున ఎగిరినా తండాలో మాత్రం నేల మీదే నడవాలి.

ఈ పెత్తనం ఆమెకు కోడలు కవిత వల్ల వచ్చింది. కవిత మానుకోటలో ఒక జిరాక్స్ షాపులో పనిచేస్తుంది. స్టేషన్ దగ్గరున్న పుస్తకాల దుకాణానికి ప్రతి శుక్రవారం కొత్త సూపర్‌హీరో కామిక్స్ వస్తాయి. నాలుగు వస్తే నాలుగూ కొని తెస్తుంది. చిన్నప్పటి నుంచీ ఉన్న పిచ్చి. పెళ్లయిన కొత్తలో వాటిని బియ్యం డబ్బా వెనక దాచేది. గంగి ఒకనాడు బియ్యం తీయబోయి పట్టుకుంది.

"ఇద్దరు పిల్లల తల్లివి. నీకు గీ గాల్లె తిరిగే మొగోళ్ల బొమ్మలేందే?" అని నిలదీసి, "ఏం రాసిండ్రో సదువు, ఇంట" అంది.

కవిత బెదురుతూనే చదివింది. కథ మంచి పట్టులో ఉండగా "మిగతా వచ్చే వారం" అని వచ్చింది. గంగికి ఒళ్లు మండింది. సగం కూర వండి పొయ్యి ఆర్పేసే ఇల్లాలు ఎక్కడైనా ఉంటుందా అని కోడలిని తిట్టింది, ఆ కథ రాసింది కోడలే అన్నట్టు. కానీ తరువాతి శుక్రవారం సాయంత్రం గడపలో నిలబడి, కవిత చెప్పులు విడవకముందే "తెచ్చినవా?" అని అడిగింది కూడా ఆమే.

అప్పటి నుంచి చదవడం ఆదివారం పూటకు కుదిరింది. మిర్చి కోతలు అయి, కల్లంలో కాయ ఎండబోసే రోజుల్లో వినేవాళ్లు కూడా పెరిగారు. మధ్యాహ్నం బువ్వ తిన్నాక ఆడవాళ్లంతా టార్పాలిన్ నీడన కూర్చుని ఎర్రకాయ ఒక పక్క, తెల్లబారిన తాలు ఒక పక్క ఏరుతూ ఉంటారు. కవిత చేతులు కడుక్కుని పుస్తకం చదువుతుంది. మిర్చి చేతులతో పుస్తకం ముట్టకూడదని ఆమె షరతు. అందుకని బొమ్మ ఉన్న పేజీని రెండు చేతులతో ఎత్తి, చుట్టూ తిప్పి అందరికీ చూపిస్తుంది. కూలికి వచ్చే యాదమ్మ ఊరావిడ. ఆమెకు లంబాడీ మాట రాదు కాబట్టి అక్కడ కథా, దాని మీద తగువూ అన్నీ తెలుగులోనే.

ఆ ఆదివారం నాలుగు పుస్తకాలు వచ్చాయి. మొదటిది ఇనుపగద్ద. ఇనుప రెక్కలవాడు నగరం మీద ఎగురుతూ ఒక దొంగను తరిమాడు. పట్టుకున్నాడు. కవిత పుస్తకం మూసి అత్త ముఖం చూసింది.

"తాలు" అంది గంగి, చేతిలో కాయను పక్కకు విసిరి. "ఒక్క దొంగ కోసం కూరగాయల బండ్లు పదహారు తొక్కిండు. నేను బొమ్మల లెక్కవెట్టిన. ఆ బండ్లోళ్లకు దొంగ ఏం జేసిండు? ఏం జెయ్యలే. చేసింది వీడే. ఆఖర్ల అందరు వీనికే చప్పట్లు గొట్టవట్టిరి."

రెండోది నీడదొర. వాడు గోడలో కలిసిపోయి శత్రువుల మాటలు వింటాడు. పుస్తకంలో సగం వాడు వినడమే.

"గోడకు చెవి వెట్టుడు గూడ శక్తేనా?" అంది గంగి. "గా శక్తి మా సుక్కికి పుట్టుకతోనే ఉన్నది."

సుక్కి గంగికి యారాలు, అంటే తోడికోడలు, మరిది భార్య. గంగి కంటే ఐదారేళ్లు చిన్న. తండాలో గంగి మాటకు ఎదురు మాట అంటూ ఉంటే అది సుక్కి నోటి నుంచే రావాలి.

"నేను గోడకు చెవి పెట్టకున్నా నీ మాట పక్క తండ దాంక ఇనవడ్తది గదా అక్కా" అంది సుక్కి. యాదమ్మ నవ్వబోయి గంగిని చూసి దగ్గింది.

మూడోది జలఖడ్గం. వీడు నీళ్ల అడుగున మూడు పేజీల పాటు శత్రువుకు నీతులు చెప్పాడు.

"నోట్లకు నీళ్లు పోవా వీనికి?" అంది గంగి.

"గది ఆయన శక్తి అత్తా."

"ఏది అడిగినా శక్తి అంటవు. గంతోటిదానికి కథెందుకు? అట్ట మీద శక్తి అని రాసి అమ్ముకొమ్మను."

మూడు పుస్తకాలూ అట్లా పోయాయి. గంగికి చిరాకు పెరిగిపోయింది. వారమంతా ఎదురుచూస్తే ఇవా రావడం? వీటిని రాసేవాళ్లకు ఒక కల్లం ఉండి, ఒక ఏరేవాడు ఉంటే ఎంత బాగుండును అనుకుంది. ఇక మిగిలింది నాలుగోది. దాని కోసమే అందరూ కూర్చున్నారు.

దాని పేరు అద్దాలపిడుగు. ఆరు వారాల కిందట మొదలైంది. అందులో సోమ్లీ అనే తండా ఆడమనిషి రవికె అద్దాల్లో ఎండను పట్టి దాచుకుని, శత్రువు మీదికి పిడుగులా విసురుతుంది. పుస్తకాల్లో తమలాంటి మనిషి ఎగరడం అక్కడున్నవాళ్లు ఎన్నడూ చూడలేదు. గంగి దాన్ని కూడా తిట్టేది. కాకపోతే ఇంట్లో పిల్లను తిట్టినట్టు తిట్టేది. లంగా ఎగురుతుంటే కుచ్చుల బరువు లేనట్టు గీశాడని ఒక వారం, రొట్టె కాల్చే పెనం గుండ్రంగా లేదని ఒక వారం.

ఈసారి కథలో సోమ్లీ మొగుడు మోతీ వంతెన మీద ఉండగా, పొగరాజు అనే దుర్మార్గుడు వంతెనను పేల్చేశాడు. మోతీ వరదలో పడిపోయాడు. తరువాతి పేజీలో సోమ్లీ ఇంట్లో, ఫొటో ముందు, దీపం దగ్గర కూలబడి ఉంది. పైన ఒక గడిలో "మోతీ ఇక లేడు" అని రాసి ఉంది.

సుక్కి వలవలా ఏడ్చేసింది. ఏడుస్తూ మిర్చి చేత్తో కళ్లు తుడుచుకుంది. ఆ తరువాత ఆమె ఏడుపు మోతీ కోసమో మంట కోసమో ఎవరికీ అర్థం కాలేదు. యాదమ్మ చెంబుతో నీళ్లు పోసింది.

"ఆపుండ్రి మీ ఏడుపులు" అంది గంగి. "వాడు సావలే."

అందరూ ఆమె వైపు తిరిగారు.

"ఏందత్తా? ఇక్కడ రాసి ఉన్నది గదా, ఇక లేడు అని."

"రాసినోడు ఏదన్న రాస్తడు. నీకు సదువొచ్చు, రాసింది జూస్తున్నవు. నాకు రాదు, నేను బొమ్మ జూస్తున్న. ఆ పేజీ ఇట్ల వట్టు. ఆమె తల జూడుండ్రి."

చూశారు. ఫొటో ముందు కూలబడిన సోమ్లీ చెంపల మీద, జుట్టుకు కట్టిన వెండి టోప్లీలు, ఘుగ్రీలు రెండు పక్కలా వేలాడుతూనే ఉన్నాయి. మోచేతి పైన తెల్ల గాజులు నిండుగా ఉన్నాయి. మొగుడున్న లంబాడీ ఆడదానికి ఆనవాళ్లు అవే. మొగుడు పోతే అవి ఒంటి మీద నిలవవు, తీసేస్తారు.

టార్పాలిన్ కింద ఉన్నవాళ్లంతా పుస్తకం మీదికి వంగారు.

"అరె, అవును గదా" అంది సుక్కి, కళ్లు మండుతున్నా తెరిచి చూస్తూ.

"మోతీ బతికున్నడని ఆమెకు ఎరుకే. దొంగేడుపు ఏడుస్తున్నది, పొగరాజు నమ్మాల్నని. గీసినోడు మాలాంటోళ్లకు చెప్తున్నడు, మీరు పరేషాన్ గాకుండ్రని. వచ్చే ఐతారం మోతీ రావాలె. వస్తడు."

"రాకుంటే?" అంది సుక్కి. కళ్లలో నీళ్లు కారుతున్నా ఆమె ఆ ప్రశ్న మరిచిపోలేదు.

"రాకుంటే ఈ కల్లంల కూసోని బుక్కుల మీద మళ్ల నోరు తెరువ. నువ్వే చెప్పుకో, ఏది మంచిదో, ఏది తాలో."

"అందరు ఇన్నరు గదా?" అంది సుక్కి. అందరూ విన్నారు.

విన్నవాళ్లు ఊరుకుంటారా? కవిత తల్లిగారిది కొత్తగూడ అవతలి తండా. సుక్కి కూతురిని ఇచ్చింది భూపాలపల్లి వైపు, టేకుమట్లకు. బొమ్మను ఫోన్లో తీసి కవిత అటూ పంపింది, సుక్కి చెప్తే ఇటూ పంపింది. రెండు చోట్లా ముసలివాళ్లు బొమ్మ చూసి గంగిదే నిజమన్నారు. గంగి వారమంతా తల ఎత్తి తిరిగింది. నీళ్ల ట్యాంకు దగ్గర ఎవరో పిల్ల "అవ్వా, మోతీ నిజంగ వస్తడా?" అంటే, "నీ మొగుడు నిన్ను తీసుకపోను వస్తడో రాడో గని, మోతీ అయితే వస్తడు" అంది. అలిగి పుట్టింటికి వచ్చి నెల దాటిన ఆ పిల్ల బిందె అక్కడే వదిలి పోయింది.

మళ్లీ ఆదివారం వచ్చింది. కవిత ముఖంలో కళ లేదు. శుక్రవారమే చదివేసిందని గంగికి తెలుసు. కానీ ఇంట్లో అడగలేదు. నలుగురిలో అన్న మాట నలుగురిలోనే తేలాలి. ఇంట్లోనే అడిగి తెలుసుకుంటే అది దొంగతనం.

"ముందుగాల అద్దాలపిడుగు సదువు" అంది సుక్కి.

కవిత గబగబా చదివింది, మందు మింగినట్టు. రెండో పేజీలోనే మోతీ శవం ఒడ్డుకు కొట్టుకొచ్చింది. నాలుగో పేజీలో చితికి నిప్పు పెట్టారు. మంట ముందు సోమ్లీ పిడికిలి బిగించి నిలబడి పగ తీర్చుకుంటానని ఒట్టు వేసింది. చెంపల మీద ఘుగ్రీలు అట్లాగే ఉన్నాయి. చేతులకు తెల్ల గాజులు అట్లాగే ఉన్నాయి. ఆ తరువాతి పేజీలో ఒక పక్క టోప్లీ ఉంది, ఇంకో పక్క లేదు. ఆపై పేజీలో మళ్లీ రెండూ వచ్చాయి.

గుట్టూ లేదు, ఎత్తూ లేదు. గీసినవాడికి తెలియదు, అంతే.

కవిత పేజీని ఎప్పటిలా చుట్టూ తిప్పలేదు. గంగి చెయ్యి చాపి, తిప్పమన్నట్టు సైగ చేసింది. బొమ్మ చూసింది. నోరు తెరవబోయి మూసుకుంది.

ఆమెకు ఓడినందుకు కాదు కోపం. మొగుడు బాలు పోయి పన్నెండేళ్లయింది. అవి తీసేసిన తరువాత ఏడాది దాకా తల ఎవరిదో తెచ్చి పెట్టినట్టు తేలికగా ఉండేది. పక్కకు తిరిగినప్పుడల్లా చెవి దగ్గర గలగల వినిపించక, పిలిస్తే ఎవరూ పలకనట్టు ఉలిక్కిపడేది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెప్పనక్కరలేకుండా చూసేవాళ్లందరికీ తెలుస్తుందనుకుంది. ఇంత పెద్ద కథ గీసినవాడికి ఎందుకు తెలియదు? తెలియకపోతే ఏ తండాకైనా వచ్చి, ఏ ముసలిదాన్నైనా ఒక్క మాట అడగలేకపోయాడా? ఇదంతా లోపల కుతకుతలాడుతోంది. బయటికి అనడానికి లేదు. మాట ఇచ్చింది.

"సుక్కక్కా, మరి నువ్వు చెప్పు" అంది యాదమ్మ. "ఎట్లున్నది బుక్కు?"

సుక్కి సర్దుకుని కూర్చుంది. ఎన్నాళ్లకో దొరికిన పెత్తనం.

"మంచిగనే ఉన్నది" అంది. "బొమ్మలు మంచిగ గీసిండ్రు. రంగులు గూడ మంచిగ వేసిండ్రు. దుఃఖం మస్తుగ ఉన్నది."

ఒకావిడ ఆవులించింది. కవిత మిగతా మూడూ చదివింది. ఇనుపగద్ద ఈసారి ఒక ఆనకట్టను విరిచాడు. మంచిగున్నది అంది సుక్కి. నీడదొర మళ్లీ గోడలో దూరాడు. అది కూడా మంచిగనే ఉంది. గంగి చేతులు మాత్రం ఆగలేదు. మేలైన ఎర్రకాయను తీసి తాలు కుప్పలో వేస్తోంది. యాదమ్మ చూసి చప్పుడు చేయకుండా మళ్లీ ఏరి ఇటు వేస్తోంది.

"గట్ల చెప్తే ఇంక ఇనుడెందుకు?" అని ఆవులించిన ఆవిడే గొణిగింది. "గంగక్క చెప్తుంటే మిర్చి ఘాటు గూడ తెల్వకపోతుండె."

సుక్కికి రోషం వచ్చింది. "ఏది, ఆ అద్దాలపిడుగు మళ్ల ఇటు పట్టు. చూసి చెప్తా" అంది. కవిత చితి ఉన్న పేజీ తెరిచింది. సుక్కి మెడ ముందుకు చాపి చూసింది. చాలాసేపు చూసింది. ఆమె ముఖం మారింది.

"గిదేందే?" అంది. "మంట మండుతుంటే గట్లనే నిలవడ్డదా? తీసేటోళ్లు ఎవ్వరు లేరా? ఒక్క యారాలన్న లేదా దీనికి?" గొంతు పెరిగింది. "బాలు బావ పోయిన్నాడు అక్కకు తీసింది నేను. గీ చేతులతోనే తీసిన. దారం ముడి రాదు. నేను గుంజుతున్న కొద్దీ అక్క 'నొస్తున్నదే, మెల్లగ' అనుకుంట నన్నే ఓదారుస్తున్నది. మూడు రోజులు నాకు బువ్వ పోలే. గీడేమో ఒక పేజీల ఉంచుతడు, ఒక పేజీల తీస్తడు, ఇంకో పేజీల మళ్ల పెడ్తడు. ఆటబొమ్మనా ఆమె?"

గంగి తల దించుకుని కాయ ఏరుతోంది. కానీ చెయ్యి ఒకే కాయ మీద ఆగిపోయింది.

కవిత పుస్తకం చివరి పేజీ తిప్పింది. అక్కడ కంపెనీవాళ్ల నంబరు ఉంది. పాఠకులు తమ అభిప్రాయం మాట రూపంలో పంపవచ్చని ఉంది. "చిన్నత్తా, గిదే మాట ఫోన్ల చెప్పు. వాళ్లకు పంపుతా" అంది.

ఫోను నోటి దగ్గరికి రాగానే సుక్కి వేరే మనిషి అయిపోయింది. "సార్, నమస్తే సార్. మేం గార్ల దగ్గర తండోళ్లం సార్. మీ బుక్కు మంచిగున్నది సార్. జర తలకాడ కొంచెం చూసుకోండ్రి సార్…"

గంగి నేల మీద అరచేత్తో కొట్టింది. మిర్చి గింజలు ఎగిరాయి.

"తలకాడ ఏం జూసుకుంటరే వాళ్లు, పేలా?"

"నువ్వు నోరు తెరువనంటివి!" అంది సుక్కి, ఫోను దూరంగా పట్టుకుని.

"అన్న. అందరి ముంగట అన్న. మాట తప్పుతున్న, ఇది గూడ అందరి ముంగటనే. రేపటి సంది నన్ను ఏమంటరో అనుకోండ్రి. ఇయ్యాల మాత్రం ఊకుంటే నాకు బువ్వ అరుగది. ఇటు తే ఫోను."

కవిత ఫోను అత్త ముందు పట్టింది. గంగికి ఫోన్లో మాట్లాడటమంటే దూరానికి వినబడేలా అరవడమే.

"ఇనుండ్రి! గీసినోడా, రాసినోడా, ఎవ్వడున్నా ఇను. మోతీ సావలేదని నేను పది మందిల చెప్పిన. ఎందుకు చెప్పిన్నో తెలుసా? ఆమె తలకు ఉన్నయి కాబట్టి. మొగుడు పోయినంక మా ఆడోళ్లకు అవి ఉండయి. నువ్వు ఉంచినవు. ఉంచితే ఏదో ఎత్తు ఉన్నదనుకున్న. నీకు తెలివి ఉన్నదనుకున్న, అది నా తప్పు. మా బట్టలు గావాలె, మా అద్దాలు గావాలె, మా మనిషిని గాల్లె ఎగిరేయాలె. మమ్ముల ఒక్క మాట అడుగుడు మాత్రం కష్టమైతది నీకు! ఇనుపగద్దకు ఒక్క ఈక తప్పు గీయవు. ఎన్ని ఈకలున్నయో అన్ని గీస్తవు. మా సోమ్లీ దుఃఖానికి అంత లెక్క గూడ లేదా? వచ్చే బుక్కుల సరిజెయ్యి. తీసేటప్పుడు ఆమె ముఖం ఎట్లుంటదో గీయి. చేతనైతే ఆ ముడి విప్పేటోళ్ల చేతులు గూడ గీయి. అది గీయకుంట పగ, ఒట్టు అంటే ఎవ్వడు నమ్ముతడు? ఇంక చెప్పేది లేదు. ఉన్నది గని, నాకు దగ్గొస్తున్నది."

రికార్డు బటన్ నొక్కిపట్టిన బొటనవేలు కవిత ఎత్తింది. పోయింది. ఒక్క పదం మార్చలేదు.

ఎవరూ ఆమెను మాట తప్పావనలేదు. అనవలసిన సుక్కి కొంగుతో ముక్కు తుడుచుకుంటోంది, ఈసారి జాగ్రత్తగా, చెయ్యి తగలకుండా. ఇంతలోనే ఫోను టింగుమంది.

"అప్పుడే జవాబిచ్చిండ్రా?" అంది గంగి. "సదువు."

కవిత చూసి, చదవాలా వద్దా అన్నట్టు ఆగి, చదివింది. "మీ అభిప్రాయానికి ధన్యవాదాలు. మా పుస్తకం మీకు నచ్చినందుకు సంతోషం."

"నచ్చిందని ఎవడన్నడు?"

"గది మిషను అత్తా. ఎవరు ఏం పంపినా అదే పంపుతది. మనుషులు తర్వాత ఇంటరేమో."

"ఇంటరేమోనా? నా గొంతు వొయ్యేటట్టు మిషనుకు జెప్పిచ్చినవా?"

గంగి లేచి నిలబడింది, కూర్చుంది, మళ్లీ లేచింది. తిట్టడానికి ఎదుట మనిషి లేకపోవడం ఆమెకు ఇదే మొదటిసారి. చుట్టూ చూసింది. సుక్కి కనబడింది. సుక్కి మొగుడు నిక్షేపంగా ఉన్నాడు. ఇప్పటికీ తండాలో పాత వేషం విడవని నలుగురిలో సుక్కి ఒకతి.

"మాటలు ఇనకుంటే బొమ్మ పంపు" అంది సుక్కే. "నన్ను తియ్యి. ఎట్లుండాల్నో చూసి నేర్చుకుంటరు. అక్కా, మిర్చి ఏరి ఏరి ఇవి ఎట్లెట్లనో అయినయి. నువ్వే జర సరిజెయ్యి."

గంగి చెంబు నీళ్లతో చేతులు రెండుసార్లు కడుక్కుంది. సుక్కి ముందు మోకాళ్ల మీద కూర్చుని, చిక్కుపడిన ఘుగ్రీలను విడదీసి, టోప్లీ దారం బిగించి, రెండు పక్కలా సమానంగా వేలాడదీసింది. మోచేతి పైన గాజులను వరుసకు నెట్టింది.

"కదలకు. నవ్వకు. నువ్వు నవ్వితే గది గూడ అట్లనే గీస్తరు వాళ్లు."

కవిత ముందు నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి తీసింది. తరువాత గంగి చెప్పింది, తనది కూడా తీయమని. కొంగు వెనక్కి తోసి, ఏమీ లేని చెంపను ఫోను వైపు తిప్పి కూర్చుంది. కవిత తీసింది. పక్కపక్కనే పెట్టి పంపింది. కింద ఏం రాయమంటావని అడిగింది.

"ఇది మొగుడు ఉన్నామె, ఇది లేనామె అని రాయి. వాళ్లకు సదువొచ్చు గదా."

టింగుమంది.

"మీ అభిప్రాయానికి ధన్యవాదాలు. మా పుస్తకం మీకు నచ్చినందుకు సంతోషం."

"నచ్చలేదని మళ్ల చెప్పు" అంది గంగి, కాయల కుప్ప ముందుకు లాక్కుని. "వాళ్లల్ల ఒక మనిషి లేసి ఇనేదాంక చెప్తనే ఉండు."